ఖాళీగా ఉంచిన ఐదో నంబర్

(సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు 2022 అక్టోబర్ చివరి వారంలో ఒక సాయంత్రం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు కింద కూర్చున్నా పర్వాలేదు. ఎర్ర చొక్కాలు చాలానే కనిపిస్తున్నాయి. చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

మన ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ సీజన్ అయిపోయింది. అక్టోబర్ 8 రాత్రితో అయిపోయింది. ఫిలడెల్ఫియా వాళ్ళు మన ఊరికే వచ్చి, రెండంటే రెండు మ్యాచ్‌లలో మనల్ని ఓడించి, ఇప్పుడు ఫైనల్ పోరు, అదే వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళిపోయారు. రాత్రి ఏడు కొడితే చాలు, నా చెయ్యి ఇంకా రిమోట్ కోసం వెతుకుతోంది. పెళ్ళయ్యాక పందిరి విప్పేసిన ఇల్లు ఉంటుందే, మా హాలు అలా ఉంది.

ఇండియా నుంచి వచ్చిన అమ్మలూ నాన్నలూ ఉన్నారు కాబట్టి, నేను ఈరోజు మాట్లాడబోయే ఆటగాడి పేరు ముందు చెబుతాను. ఇంగ్లీషులో రాస్తే ఆ పేరులో 'జె' కనిపిస్తుంది. స్పానిష్‌లో దాన్ని 'హ' అని పలకాలి. పుహోల్స్. ఆల్బర్ట్ పుహోల్స్. 42 ఏళ్ళు. 22 సీజన్లు ఆడాడు. ఈ నెలలో బ్యాటు కింద పెట్టేశాడు.

అతను ఏం చేశాడండీ అని నన్ను ఇందాక ఒక పెద్దాయన అడిగారు. మాస్టారూ, క్రికెట్ లెక్కలో చెబుతాను. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే. కానీ క్రికెట్‌లో కుదురుకున్న బ్యాట్స్‌మన్‌కి వంద బంతులు దొరుకుతాయి. ఇక్కడ మ్యాచ్ మొత్తం మీద నాలుగైదు సార్లు బ్యాటు పట్టుకునే వంతు వస్తుంది, అంతే. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొడితే గొప్ప ఆటగాడు అంటారు. అంటే ఏడుసార్లు ఓడిపోయి వెనక్కి నడిచి వచ్చేవాడే ఇక్కడ గొప్పవాడు. అలాంటి ఆటలో పుహోల్స్ 703 హోమ్ రన్‌లు కొట్టాడు. మేజర్ లీగ్‌లు పుట్టి 140 ఏళ్ళు దాటింది. 700 దాటినవాళ్ళు నలుగురే. బ్యారీ బాండ్స్ 762, హ్యాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714, ఆ తరవాత మనవాడు.

మనవాడు అన్నాను కదా. దాని గురించే ఈరోజు మాట్లాడాలని వచ్చాను. ఒక ఊరు ఒక మనిషిని మనవాడు అని ఎప్పుడు అంటుంది? అతను వదిలేసి వెళ్ళిపోయాక కూడా ఆ మాట అనగలదా?

నేను ఈ ఊరికి 2001 వేసవిలో వచ్చాను. అదే ఏడాది మార్చిలో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 కొట్టాడు. మీలో చాలామందికి ఆ రోజు ఎక్కడున్నారో కూడా గుర్తుంటుంది. నేను హైదరాబాద్‌లో అమీర్‌పేటలో ఒక గదిలో ఉన్నాను. మేం ఏడుగురం, ఒక చిన్న టీవీ. ద్రావిడ్, లక్ష్మణ్ రోజంతా ఆడుతూనే ఉన్నారు, మేం అన్నానికి కూడా లేవలేదు. అది చూసిన మూడు నెలలకి ఇక్కడికి వచ్చి పడ్డాను. ఇక్కడ క్రికెట్ లేదు. ఆఫీసులో ఏ ఇద్దరు కలిసినా ఒకటే పేరు చెప్పుకుంటున్నారు. కొత్త కుర్రాడు, పుహోల్స్, పుహోల్స్.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవారు. మిసోరీలోనే పుట్టి పెరిగిన మనిషి. లంచ్ టైంలో పేపర్ నాప్‌కిన్ మీద వజ్రం ఆకారం గీసి, ఇది ఫస్ట్ బేస్, ఇది సెకండ్ అని నాకు ఆట నేర్పింది ఆయనే. స్కోరుకార్డు రాయడం కూడా నేర్పారు. సాయంత్రం కారులో రేడియో పెట్టుకునేవాణ్ణి. సగం మాటలు అర్థమయ్యేవి కావు. కానీ జనం అరుపుని బట్టి తెలిసిపోయేది, ఇప్పుడు వచ్చింది పుహోల్సేనని.

ఆ ఏడాది అతనికి 21 ఏళ్ళు. సగటు .329, అంటే వెయ్యిసార్లు ఆడితే 329 హిట్ల లెక్క. హోమ్ రన్‌లు 37, కొట్టి రప్పించిన పరుగులు 130. థర్డ్ బేస్, ఫస్ట్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాడు. కొత్త ఆటగాడి అవార్డు ఒక్క ఓటు కూడా పోకుండా అతనికే వచ్చింది.

మరి ఈ కుర్రాడు ఎక్కడి నుంచి వచ్చాడు? డొమినికన్ రిపబ్లిక్, శాంటో డొమింగో. నాన్నమ్మ పెంచింది. ఆవిడ పేరు అమెరికా, నిజంగానే. చేతికి గ్లవ్ కొనే స్తోమత లేక పాల డబ్బా అట్టని గ్లవ్‌గా చేసుకుని, నిమ్మకాయలతో ఆడేవాడట. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మేం కొబ్బరి మట్ట చెక్కి బ్యాటు చేసుకునేవాళ్ళం. ఇక్కడ కూర్చున్న కోనసీమ వాళ్ళు తల ఊపుతున్నారు చూడండి. అందుకే ఆ నిమ్మకాయల సంగతి చదివిన రోజు నాకు ఇతను పరాయివాడు అనిపించలేదు.

1996లో అమెరికా వచ్చాడు. కొన్నాళ్ళు న్యూయార్క్, తరవాత మన మిసోరీలోనే ఇండిపెండెన్స్ అనే ఊరు. ఇంగ్లీషు సరిగ్గా రాదు. కాన్సాస్ సిటీలో మేపుల్ వుడ్స్ అనే కమ్యూనిటీ కాలేజీలో చేరి, మొదటి మ్యాచ్‌లోనే గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌ల మీదా మనుషులున్నప్పుడు హోమ్ రన్, కొట్టాడు. బంతి వేసింది మార్క్ బ్యూర్లీ, తరవాత తను కూడా పెద్ద పిచర్ అయ్యాడు. అదే మ్యాచ్‌లో ఎవరి సాయం లేకుండా ఒక్కడే ట్రిపుల్ ప్లే చేశాడు, అంటే ఒకే దెబ్బకి ముగ్గుర్ని అవుట్ చేశాడు. ఇంత చేసినవాణ్ణి 1999 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేటప్పుడు, ఎప్పుడు తీసుకున్నారో తెలుసా? 13వ రౌండు. 402వ పేరు. పిల్లలూ, ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. 401 మందిని ముందు పిలిచారు. మొదట పదివేల డాలర్లు ఇస్తామంటే వద్దన్నాడు. ఆ వేసవంతా కాన్సాస్‌లో ఆడి, సుమారు అరవై వేలకి ఒప్పుకున్నాడు. తరవాత చిన్న లీగుల్లో ఉన్నది ఒక్క సీజన్. అంతే, పైకి వచ్చేశాడు.

ఇక ఆ మొదటి పదకొండేళ్ళ గురించి అంకెలు చదవడం మొదలుపెడితే తెల్లారుతుంది. 445 హోమ్ రన్‌లు. సగటు .328. 2005, 2008, 2009లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. 2006లో, 2011లో వరల్డ్ సిరీస్. అంకెలు ఇంటికి వెళ్ళాక చూసుకోండి. నేను రెండు రాత్రుల గురించి చెబుతాను.

ఒకటి 2005 అక్టోబర్ 17. హ్యూస్టన్. ఆ మ్యాచ్ గెలిస్తే హ్యూస్టన్ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి వెళుతుంది. తొమ్మిదో ఇన్నింగ్స్. మనం 4-2తో వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుట్, బేస్‌ల మీద ఎవరూ లేరు. బంతి వేస్తున్నది బ్రాడ్ లిడ్జ్. ఆ రోజుల్లో అతని స్లైడర్ అంటే బ్యాటర్లకి గుండె దడ. డేవిడ్ ఎక్‌స్టైన్‌కి రెండు స్ట్రైక్‌లు పడ్డాయి, ఇంకొక్కటి పడితే కథ కంచికి. ఎక్‌స్టైన్ ఎలాగో ఒక సింగిల్ తీశాడు. జిమ్ ఎడ్మండ్స్ వాక్ తెచ్చుకున్నాడు, అంటే నాలుగు చెడ్డ బంతులకి ఊరికే బేస్ దొరికింది. అప్పుడు పుహోల్స్ వచ్చాడు.

ఆ దెబ్బ చూసినవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు! చూడనివాళ్ళు ఈ రాత్రికే వెతుక్కుని చూడండి. ఎడమ పక్క గోడ మీద, అంత ఎత్తున, రైలు పట్టాలు ఉంటాయి ఆ స్టేడియంలో. బంతి అక్కడికి పోయింది. నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఏంటంటే ఆ నిశ్శబ్దం. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న జనం, ఒక్కసారిగా, ఎవరో స్విచ్ కట్టేసినట్టు. మా ఇంట్లో మాత్రం నా కేకే వినిపించింది. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్ళు, నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది.

5-4తో గెలిచాం. రెండు రోజులకి మన ఊళ్ళో ఓడిపోయాం, వరల్డ్ సిరీస్‌కి హ్యూస్టనే వెళ్ళింది. కానీ ఆ దెబ్బ వల్ల పాత బుష్ స్టేడియంలో ఇంకొక్క మ్యాచ్ జరిగింది. ఆ ఏడాదితో దాన్ని కూలగొట్టేశారు కదా. చివరి మ్యాచ్ చూసే భాగ్యం అలా దక్కింది మనకి. లిడ్జ్ గురించి కూడా చెప్పాలి. ఆ ఒక్క బంతితో అతని పని అయిపోయిందని అందరూ రాశారు. 2008లో అదే లిడ్జ్ ఫిలడెల్ఫియాకి ఆడుతూ సీజన్ మొత్తం మీద, ప్లేఆఫ్స్‌తో సహా, ఒక్క సేవ్ కూడా పోగొట్టుకోకుండా, అంటే చివర్లో కాపాడమని ఇచ్చిన ఆధిక్యం ఒక్కసారీ చేజార్చకుండా, వాళ్ళకి వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టాడు. పని అయిపోయిందనే మాట ఎంత తొందరగా అనేస్తామో చూడండి. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

రెండో రాత్రి 2011 అక్టోబర్ 27. వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఆ రాత్రి గెలిపించినవాడిగా అందరూ డేవిడ్ ఫ్రీజ్ పేరు చెబుతారు, చెప్పాల్సిందే. కానీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆ పోరాటం మొదలుపెట్టింది ఎవరు? ఒకరు అవుటయ్యాక పుహోల్స్ వచ్చాడు. కాంట్రాక్టు అయిపోతోందని ఊరందరికీ తెలుసు. బహుశా ఈ ఊళ్ళో ఇదే చివరిసారి అని జనం లేచి నిలబడ్డారు. డబుల్ కొట్టి సెకండ్ బేస్ చేరాడు. ఆ డబుల్ లేకపోతే తరవాతి కథ ఏదీ లేదు. దానికి అయిదు రోజుల ముందు టెక్సాస్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్‌లు కొట్టాడు. వరల్డ్ సిరీస్‌లో అప్పటికి ఆ పని చేసినవాళ్ళు బేబ్ రూత్, రెజీ జాక్సన్ ఇద్దరే.

కప్పు గెలిచాం. నవంబర్ మొదట్లో వెస్ట్‌పోర్ట్ ప్లాజా దగ్గర అతని విగ్రహం పెట్టారు. రెండు వేళ్ళు ఆకాశం వైపు చూపిస్తూ ఉంటుంది, ఆ పక్క ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు రోజూ చూస్తూనే ఉంటారు. డిసెంబర్‌లో వెళ్ళిపోయాడు. విగ్రహం పెట్టిన నెలకే. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్, పదేళ్ళు, 240 మిలియన్ డాలర్లు.

ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు? ఇంట్లో ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు అనిపించింది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. దానికి పుహోల్స్ వేసుకునే ఐదో నంబర్ చొక్కా ఉండేది, ఎర్రది, ఉతకడానికి కూడా విప్పనిచ్చేది కాదు. నేను ఆ చొక్కా మడత పెట్టి, అట్టపెట్టెలో పడేసి, బేస్‌మెంట్‌లో పెట్టేశాను. 'ఎందుకు నాన్నా' అంటే 'అతను మనవాడు కాదమ్మా ఇంక' అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లతో ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. ఎందుకంటే, ఏమండీ, మనం అందరం ఎక్కడి నుంచి వచ్చాం? మంచి జీతం వస్తుందని, పిల్లలకి మంచి జరుగుతుందని, కన్నవాళ్ళని వదిలి పదమూడు వేల కిలోమీటర్లు వచ్చినవాళ్ళం కదా. మనల్ని అక్కడ ఎవరైనా మనవాడు కాదు అన్నారా? మా అమ్మ అనలేదు. నా గది అలాగే ఉంచింది.

ఇక్కడే ఒక సంగతి. నాకు చాలా ఆలస్యంగా తట్టింది. నేను చొక్కా పెట్టెలో పెట్టేశాను సరే. మరి కార్డినల్స్ ఏం చేశారు? ఆ పదేళ్ళలో ఐదో నంబర్ ఇంకెవరికీ ఇవ్వలేదు. ఎంతమంది ఆటగాళ్ళు వచ్చారు, పోయారు! ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఆ నంబర్ ఖాళీగానే ఉంచారు.

ఏంజెల్స్‌లో ఆ పదేళ్ళు ఎలా గడిచాయో మీకు తెలుసు. పాదం దెబ్బతింది, 2013 సీజన్ సగంలోనే ఆగిపోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి. పరిగెత్తలేకపోయేవాడు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది ఒక్కసారి, 2014లో, అదీ మూడు మ్యాచ్‌లలో అయిపోయింది. సగటు .256కి పడిపోయింది. అయినా ఆ కాళ్ళతోనే 222 హోమ్ రన్‌లు కొట్టాడు. 600వది 2017 జూన్‌లో గ్రాండ్ స్లామ్. 3000వ హిట్ 2018 మే 4న, సియాటిల్‌లో. ఇంకెవరైనా అయితే పండగ చేసేవాళ్ళం. అతని విషయంలో మాత్రం ఎంత జీతానికి ఎంత కొట్టాడని లెక్కలు వేశారు.

2019 జూన్ 21. వెళ్ళిపోయాక మొదటిసారి ఈ ఊళ్ళో ఆడటానికి వచ్చాడు. ఏడున్నరేళ్ళ తరవాత. నేను వెళ్ళనన్నాను. మా అమ్మాయే టికెట్లు కొంది, పదహారేళ్ళ పిల్ల, తన సొంత డబ్బుతో. శుక్రవారం, శనివారం రెండు రోజులకీ. మొదటిసారి అతను బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్ళు చెప్పండి. స్టేడియం మొత్తం లేచింది. మన క్యాచర్, అంటే వికెట్ కీపర్ లాంటివాడు, యాడియర్ మొలీనా తన చోటు వదిలి ముందుకి వచ్చి, చప్పట్లు అయ్యేదాకా ఆగి, పాత స్నేహితుణ్ణి వాటేసుకున్నాడు. మర్నాడు శనివారం పుహోల్స్ హోమ్ రన్ కొట్టాడు. మన మీదే! మన పిచర్ మీదే! జనం కూర్చోలేదు. అతను డగౌట్ లోంచి బయటికి వచ్చి టోపీ తీసేదాకా ఊరుకోలేదు. అవతలి జట్టు ఆటగాడికి ఇలా ఎక్కడైనా చేస్తారా? నా ముందు వరసలో ఒక తాతగారు ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. మా అమ్మాయి నా వైపు చూసి, 'మనవాడే కదా నాన్నా' అంది. ఇంకేం మాట్లాడతాను?

తరవాత 2021 మే. ఏంజెల్స్ అతన్ని తీసేశారు. సగటు .198, అయిదు హోమ్ రన్‌లు, వయసు 41. పేపర్ల నిండా ఒకటే మాట, ఇంక ఆపేయాలి. ఇందాక అన్నానే, పని అయిపోయిందనే మాట, అదే. లాస్ ఏంజెలెస్‌లోనే ఉన్న ఇంకో జట్టు డాడ్జర్స్ తీసుకుంటే అక్కడికి వెళ్ళి, అప్పుడప్పుడు ఆడుతూ, పన్నెండు కొట్టాడు. మొత్తం 679.

ఎప్పుడు ఆపాలి? దీని మీద నాకు మొన్నటిదాకా ఒక గట్టి అభిప్రాయం ఉండేది. మన లక్ష్మణ్ ఉదాహరణ చెప్పేవాణ్ణి. 2012 ఆగస్టు 18న రిటైర్ అవుతున్నానన్నారు. జట్టులో పేరుంది. అయిదు రోజుల్లో ఉప్పల్‌లో టెస్టు, సొంత ఊళ్ళో. అయినా ఆడలేదు, ఆ క్షణమే తప్పుకున్నారు. మా తమ్ముడు ఆ టెస్టుకి టికెట్లు తీసి పెట్టుకున్నాడు. వెళ్ళాడు, చూశాడు, ఫోన్ చేసి 'మ్యాచ్ బాగుంది అన్నయ్యా, కానీ ఆయన లేరు' అన్నాడు. నేను లక్ష్మణ్ హుందాతనాన్ని పొగిడేవాణ్ణి. ఇప్పటికీ పొగుడుతాను, అది ఆయన మనస్సాక్షి. కానీ మా తమ్ముడు ఉప్పల్‌లో కూర్చుని వెతుక్కున్నాడే, అది పదేళ్ళకి, ఈ వేసవిలోనే నాకు అర్థమైంది.

ఈ ఏడాది మార్చి 28. కార్డినల్స్ అతన్ని మళ్ళీ పిలిచారు. ఒక్క ఏడాదికి, రెండున్నర మిలియన్లు. పాత జీతంలో సుమారు పదో వంతు. పని కూడా చిన్నదే. ఎక్కువగా ఎడమచేతి పిచర్లు వచ్చినప్పుడే ఆడాలి, మిగతా రోజులు బెంచి మీద కూర్చోవాలి. మేనేజర్, అంటే జట్టుని నడిపే పెద్ద కోచ్, ఆలివర్ మార్మోల్ అతనికన్నా ఆరేళ్ళు చిన్న. మూడుసార్లు ఎంవీపీ అయినవాడు ఒప్పుకుంటాడా? ఒప్పుకున్నాడు. నంబర్ అడగాల్సిన పని లేదు. ఐదు ఖాళీగానే ఉంది.

మొదటి మూడు నెలలు బాగా లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. జూలైలో, సీజన్ మధ్యలో వచ్చే ఆల్ స్టార్ విరామానికి సగటు .215, ఆరు హోమ్ రన్‌లు. 700కి ఇంకా పదిహేను కావాలి. మనలో ఎంతమంది నమ్మాం? నేను నమ్మలేదు. ఆల్ స్టార్ హోమ్ రన్ పోటీలో ఆటగాళ్ళందరూ మైదానంలోకి వచ్చి అతని చుట్టూ మూగారు చూడండి, అది వీడ్కోలు అనుకున్నాను.

ఆగస్టు వచ్చింది. ఆగస్టు 14న రెండు. 18న ఇంకొకరి బదులు పించ్ హిట్టర్‌గా వచ్చి గ్రాండ్ స్లామ్. 20న అరిజోనాలో రెండు. 22న షికాగోలో ఒకటి, ఆ మ్యాచ్ స్కోరే 1-0. తొమ్మిది రోజుల్లో ఆరు! 42 ఏళ్ళ మనిషి. పిల్లలు బడి నుంచి వచ్చి హోంవర్క్ మానేసి టీవీ ముందు కూర్చుంటే మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. మీ ఇళ్ళలో అన్నారా?

సెప్టెంబర్ 10న పిట్స్‌బర్గ్‌లో 696 కొట్టాడు, దాంతో నాలుగో స్థానంలో ఉన్న అలెక్స్ రోడ్రిగెజ్ సరసన చేరాడు. ఆ బంతి దొరికిన జంట దాన్ని తిరిగి ఇచ్చేద్దామని అతని దగ్గరికి వెళ్ళారు. మాటల్లో తెలిసింది, ఆమె తండ్రి ఏడాది క్రితం పోయారని. పుహోల్స్ బంతి తీసుకోలేదు. మీ దగ్గరే ఉంచుకోండి, నాకన్నా మీకే దీని అవసరం ఎక్కువ అన్నట్టుగా చెప్పి, ఇంకో రెండు బంతుల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు. 700వ బంతి పట్టుకున్నవాళ్ళు ఇవ్వకుండా తీసుకెళ్ళిపోయినా అతనికి కోపం రాలేదు. అభిమానులు దాచుకోవడానికే కదా అన్నాడు.

ఆ 700 రాత్రి. సెప్టెంబర్ 23, శుక్రవారం, డాడ్జర్ స్టేడియం. మన టైం తొమ్మిది దాటింది. మ్యాచ్ మామూలు ఛానల్‌లో లేదు, యాపిల్ టీవీలోనే వస్తుంది. ఆ సాయంత్రం నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో! పాస్‌వర్డ్ ఏంటి, ఎలా పెట్టాలి, ఒకటే టెన్షన్. చివరికి నాలుగు కుటుంబాలు మా ఇంటికే వచ్చేశాయి. మూడో ఇన్నింగ్స్‌లో ఆండ్రూ హీనీ మీద 699. ఇంకా అరిచి గొంతు సర్దుకోలేదు, నాలుగో ఇన్నింగ్స్‌లో ఫిల్ బిక్‌ఫర్డ్ స్లైడర్ వేశాడు. 700. బేస్‌లన్నీ చుట్టి వచ్చి, ముందు వల దగ్గరికి వెళ్ళి, అవతల కూర్చున్న ఏడ్రియన్ బెల్ట్రే చేతికి చెయ్యి కలిపాడు. తన దేశం వాడు, తన తరం వాడు. లాస్ ఏంజెలెస్ జనం కూడా లేచి నిలబడ్డారు.

అక్టోబర్ 2న మన ఊళ్ళో చివరి లీగ్ మ్యాచ్. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ అట్టపెట్టె విప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల చొక్కా, పంతొమ్మిదేళ్ళ దానికి ఎలా పడుతుంది? చేత్తో పట్టుకుని వచ్చింది. 702వది ఆ రోజే కొట్టాడు. పుహోల్స్, మొలీనా, మన పాత పిచర్ వెయిన్‌రైట్ ముగ్గురూ కలిసి మైదానం దిగి వెళుతుంటే ఆ చొక్కా పైకెత్తి పట్టుకుంది. అతను చూశాడో లేదో నాకు తెలియదు. నేను చూశాను.

అక్టోబర్ 8, ఎనిమిదో ఇన్నింగ్స్. ఓడిపోతున్నాం. సింగిల్ కొట్టాడు. ఫస్ట్ బేస్ మీద నిలబడ్డాడు. అతని బదులు పరిగెత్తడానికి కుర్రాడు వచ్చాడు. పుహోల్స్ నడుచుకుంటూ డగౌట్ లోకి వెళ్ళాడు. అంతే. చివరి అంకె చూసుకుంటే 3384 హిట్లు, 2218 ఆర్‌బీఐలు, అంటే కొట్టి రప్పించిన పరుగులు. ఆర్‌బీఐలలో అతనికన్నా ముందున్నది హ్యాంక్ ఆరన్ ఒక్కరే.

ఇప్పుడేం చేస్తాడు? ఏంజెల్స్‌తో ఆట మానేశాక పదేళ్ళు వాళ్ళ దగ్గర పనిచేసే ఒప్పందం ఉంది. అది అతని ఇష్టం. డౌన్ సిండ్రోమ్ పిల్లల కోసం 2005 నుంచి నడుపుతున్న సంస్థ ఉంది, ఈ ఊళ్ళో ఆ పని ఆగదు. నా ఆశ మాత్రం కోచ్ అవ్వాలని. డగౌట్‌లో కుర్రాళ్ళు అతని పక్కన చోటు కోసం ఎలా పోటీ పడ్డారో చూశాం కదా.

గొప్ప ఆటగాళ్ళ ఫలకాలు పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆట మానేశాక పూర్తిగా అయిదు సీజన్లు ఆగాలి. అంటే 2028. నూటికి 75 ఓట్లు చాలు. ఇప్పటిదాకా నూటికి నూరు వచ్చింది మరియానో రివేరా ఒక్కడికే. రెండో పేరు ఇతనిది కావాలి, నేనైతే అదే కోరుకుంటున్నాను. ఫలకం మీద ఏ జట్టు టోపీ అని ఇందాక కుర్రాళ్ళు వాదించుకుంటున్నారు. నాకు సందేహం లేదు. ఒకప్పుడు 'ఎల్ హోంబ్రే', అంటే స్పానిష్‌లో 'ద మ్యాన్', అని పిలుస్తుంటే వద్దన్నాడు. ఈ ఊళ్ళో 'ద మ్యాన్' అంటే పాతతరం కార్డినల్స్ దిగ్గజం స్టాన్ మ్యూజియల్ గారొక్కరేనని చెప్పిన మనిషి. కార్డినల్స్ ఎర్ర టోపీయే పెట్టుకుంటాడు.

హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్స్‌టౌన్ ఇక్కడికి సుమారు వెయ్యి మైళ్ళు. ఆ వేడుక జూలైలో చేస్తారు, చిన్న ఊరు, గదులు దొరకవు. అందుకని ఇప్పుడే చెబుతున్నాను. బల్ల మీద కాగితం పెట్టాను. 2028లో ఎవరెవరు వస్తారో పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి. రెండు వ్యాన్లు మాట్లాడదాం. మా ఇంటి నుంచి ముగ్గురం, ఆ చిన్న చొక్కా కూడా వస్తుంది. భోజనాలు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. ప్రశ్నలుంటే తింటూ మాట్లాడుకుందాం, రండి.